వాచీల మామగారూ ఎనిమిది కాళ్ల చిప్పూ

దగ్గరికి జరగండి, ఇంకాస్త దగ్గరికి. గుమ్మంలో నిలబడ్డవాళ్లు లోపలికి రండి, చేతిలో పనున్నవాళ్లు దాన్ని పక్కన పెట్టండి. ఇది ఒక కోడలి కథ. కోడలి కథ అనగానే అత్తగారి కోసం వెతక్కండి. ఇందులో అత్త లేదు, మామగారున్నారు.

ఆ కోడలు ఇళ్ల బొమ్మలు గీసేది. కాగితం మీద కాదు, ల్యాప్‌టాప్‌లో. ఒక్క ఇటుక పడకముందే ఇల్లు లేపేసేది. మీటలు నొక్కుకుంటూ ఆ ఇంట్లోకి వెళ్లొచ్చు, మెట్లెక్కొచ్చు, కిటికీలోంచి ఎండ ఎంతదాకా పడుతుందో చూడొచ్చు. మామగారిది వాచీలు బాగుచేసే పని. వీధి గదిలో ఇద్దరికీ ఒకటే పొడుగాటి బల్ల, కిటికీవైపు సగం ఆయనది, గోడవైపు సగం ఈమెది. అటు టిక్కుటిక్కు, ఇటు ల్యాప్‌టాప్ ఫ్యాను బుస్సుబుస్సు. మొగుడు లారీ డ్రైవరు. ఆ వారం రోడ్డు మీదున్నాడు. ఈ కథలో ఆయన పని అంతటితో సరి.

ఆ వారం కోడలి చేతిలో ఉన్నది పాటల టీచరు ఇల్లు. టీచరుకు రెండేళ్లుగా నడక లేదు, చక్రాల కుర్చీలోనే తిరుగుడు. తన వంట తానే చేసుకోవాలని పాత ఇంటి గోడలు జరిపించుకుంటోంది. సోమవారం మేస్త్రీ గోడ పగలగొడతాడు. ఆదివారం పొద్దున ఆమె వచ్చి, కుర్చీ ఎక్కడ తిరుగుతుందో ఎక్కడ ఇరుక్కుంటుందో ఆ బొమ్మల ఇంట్లో చూసుకోవాలి. "నువ్వు చూపించడం కాదమ్మాయ్, నేను తిరగాలి" అని ఖండితంగా చెప్పింది. తప్పు చోట పగిలిన గోడ మళ్లీ అతకదు కదా!

చిక్కల్లా వంటింట్లో వచ్చింది. హాల్లో నున్నగా జారే బొమ్మ వంటింటి మలుపు దగ్గర ఆగి, ఎగిరి, మళ్లీ ఆగి, కాలిలో ముల్లు దిగిన మేకలా కుంటేది. అలా చూస్తే టీచరుకు తల తిరుగుతుంది తప్ప కుర్చీ తిరుగుతుందో లేదో తెలియదు. కోడలు బొమ్మలోంచి కర్టెన్లు తీసేసింది, పూలకుండీలు తీసేసింది, అలమారలో గిన్నెలు తీసేసింది. ఇంకా తీస్తే ఇల్లు మిగలదు, అగ్గిపెట్టె మిగులుతుంది.

బొమ్మల్ని నడిపించే భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. దాని గురించి గురువారమంతా ఇంటర్నెట్‌లో వెతికింది. ముక్కూమొహం తెలియని వాళ్లెందరో అక్కడ ఒకే మాట రాశారు. ఈ రకం కార్డు చేతకానిది కాదు, చేసినవాళ్లే దాని కాళ్లు కట్టేశారు. ఎంత వేగం దాటకూడదో ఒక చిన్న చిప్పులో రాసిపెట్టారు. ఆ రాతను ఫర్మ్‌వేర్ అంటారు. అందులో అంకెలు మారిస్తే కార్డు పరుగెడుతుంది. దానికి పేరు ఓవర్‌క్లాకింగ్.

కోడలు పైకి చదివిన ఆ మాట చెవిన పడగానే మామగారు కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు.

"క్లాకా? అందులో గడియారం ఉందా?"

"గడియారంలాంటిదే ఉంది మామయ్యా. ప్రతి లెక్కా దాని దెబ్బకే నడుస్తుంది. సెకనుకి వంద కోట్లసార్లు కొట్టుకుంటుంది."

"నా చేతిలో ఉన్నది ఐదుసార్లు కొట్టుకుంటుంది" అన్నారాయన వాచీ చూపిస్తూ. "వంద కోట్లా? మరి దానికి నూనె ఎవరు వేస్తున్నారు తల్లీ?"

కోడలు పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. కుర్చీ ఈమెవైపు లాక్కున్నారు.

"ఇంత వేగం చాలని గీత గీసిందెవరు?"

"చేసినవాళ్లు."

"ఎందుకు గీశారు?"

"అదే తెలీదు. ఎవరూ రాయలేదు. తెలుసుకోవాలని ఉంది."

"నాకూ ఉంది. కానీ ఒక మాట. వాచీ వేగం సర్దేటప్పుడు మీటను వెంట్రుకవాసి జరుపుతాం. ఒక రోజంతా చూస్తాం. వెల్లకిలా పెట్టి చూస్తాం, బోర్లా పెట్టి చూస్తాం, నిలబెట్టి చూస్తాం. ఆ తర్వాతే ఇంకో వెంట్రుకవాసి."

"అలాగే మామయ్యా" అంది. అన్నది నోరే, చెవి కాదు.

శుక్రవారం పొద్దున చిప్పులో ఉన్న పాత రాతనంతా బ్యాకప్ తీసింది. అంకెలు కొంచెం పెంచి, కొత్త రాత ఎక్కించి, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేసింది. వేసేటప్పుడు మామగారు ఊపిరి బిగబట్టారు. తెర వెలిగింది! వంటింటి మలుపులో మేక కుంటు కాస్త తగ్గింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

మధ్యాహ్నం ఆయన వాచీ బెల్టు అమర్చడానికి ఎవరింటికో వెళ్లారు. వెంట్రుకవాసి ఇంత చేస్తే జానెడు ఎంత చేస్తుందో అనిపించింది కోడలికి. అంకెలు ఒక్కసారిగా పెంచేసింది, ఎక్కించింది, ఆపి వేసింది.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది. మళ్లీ ఆపింది, మళ్లీ వేసింది. నలుపే. అమావాస్య నలుపు.

అప్పుడే ఆడపడుచు డ్యూటీ దిగి వచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సు, నోరు మాత్రం సూదికంటే పదును.

"ఏంటి వదినా, మొహం అలా పాలిపోయింది?"

"ల్యాప్‌టాప్ లేవట్లేదు."

సంగతంతా విని ఆడపడుచు చెంపకు చెయ్యానించుకుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకో! అది నిన్నేమైనా అడిగిందా, నన్ను పరిగెత్తించవే అని?"

మామగారు తిరిగొచ్చారు. తిట్టలేదు. బల్ల మీద చేతులు పెట్టి వంగి చూశారు.

"పాత రాత బ్యాకప్ తీశావు కదమ్మా?"

"తీశాను మామయ్యా."

"మంచిది. ఎక్కడుంది?"

కోడలి వేలు లేచి ఆ నల్లటి తెరను చూపించింది.

తాళంచెవి లోపల పెట్టి పెట్టె మూసేసిందన్నమాట! ఆడపడుచు నవ్వాపుకోలేక తలుపు పట్టుకుని కిందికి జారిపోయింది. కోడలి కళ్లలో నీళ్లు చూసి నవ్వు మింగేసి లేచింది. "సర్లే, ఏడవకు. నా కంప్యూటర్ తీసుకో. దాంట్లో నీ ఇల్లు తెరిస్తే గుమ్మం దగ్గరే కూలబడుతుందనుకో, చిన్నాచితకా పనులకు పనికొస్తుంది."

పెట్టె మూసుకుపోతే అడుగు విప్పాలి. నాలుగిళ్ల అవతల ఫోన్లు బాగుచేసే అతన్ని వీధంతా ఫోన్ల డాక్టరు అనేది. చిప్పును నేరుగా పట్టుకుని చదివే క్లిప్పు అతని దగ్గర ఉంది. "ఎనిమిది కాళ్లకూ సరిగ్గా కూర్చోవాలక్కా. నా చెయ్యి వణుకుతుంది, నేనైతే మూడోసారికి గానీ పట్టలేను" అని చెప్పి ఇచ్చి పంపాడు.

శనివారం తెల్లవారగానే మామగారు ల్యాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టి స్క్రూలు విప్పారు. విప్పిన స్క్రూను విప్పిన వరసలోనే తెల్లగుడ్డ మీద పేర్చారు. ముందు బ్యాటరీ తీగ ఊడదీశారు. మూత లేపగానే ఆయన "ఓహో" అన్నారు. వేడిగాలి బయటికి పోవాల్సిన సందులో దుమ్ము పేరుకుని దుప్పటి ముక్కలా గట్టిపడి ఉంది.

"తల్లీ, దీని నోరూ ముక్కూ మూసి పరిగెత్తమన్నావు."

కోడలు తల వంచుకుంది. ఏళ్ల తరబడి వాడుతున్నా దాని లోపలికి ఏనాడూ చూడలేదు.

దుమ్ము దులిపారు. కార్డు మీద వేడి లాగే పేస్టు ఎండి పెచ్చులైపోతే, అది గీకేసి కొత్తది పూశారు. లోపలి డిస్కు ఊడదీసి ఆడపడుచు కంప్యూటర్‌కు తగిలిస్తే బ్యాకప్ భద్రంగా కనిపించింది. సగం గండం గడిచింది. ఇక చిప్పు. చిటికెనవేలి గోరంత కూడా లేదు, అటు నాలుగు, ఇటు నాలుగు కాళ్లు. మామగారు భూతద్దం పెట్టుకుని, మూల ఉన్న చుక్కను వెతికి, ఒకటో కాలు అదేనని తేల్చారు. క్లిప్పు పెట్టారు. కోడలు ఆడపడుచు కంప్యూటర్‌తో చిప్పులో ఉన్నది రెండుసార్లు చదివించింది. రెండు చదువులూ కలవలేదు. అంటే ఏదో కాలు సరిగ్గా తగల్లేదు.

మళ్లీ పెట్టారు. కలవలేదు.

"నాన్నా, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు మేము ఊపిరి వదిలి పొడుస్తాం" అంది ఆడపడుచు వెనకనుంచి.

"నాకు నేర్పుతున్నావా? నువ్వు పుట్టకముందునుంచీ నేను ఊపిరి వదిలే ముల్లు పెడుతున్నాను."

"మరి ఇందాకటినుంచీ బిగబట్టారేం?"

ఆయన మీసాల్లో నవ్వుకుని, ఊపిరంతా వదిలి, ఆ ఖాళీలో క్లిప్పు దించారు. చదివించారు. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. పాత రాత ఎక్కించారు. బిగించారు. మీట నొక్కారు.

తెర వెలిగింది. వదినామరదళ్లు ఒకళ్లనొకళ్లు వాటేసుకున్నారు.

పాత రాతతోనే, దుమ్ము పోయినందుకే, బొమ్మ శుక్రవారం పొద్దుటికంటే బాగా నడిచింది. కానీ వంటింటి మలుపులో ఒక్క చిన్న ఎగురు మిగిలిపోయింది. గుడ్డలో చిక్కిన దారంలా ఒకే ఒక్కటి. కోడలి చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"భయమేస్తోందా?"

"వేస్తోంది. కానీ గీత ఎందుకు గీశారో ఇంకా తెలీలేదు మామయ్యా."

ఆయన మెచ్చుకోలుగా చూశారు. "అయితే రోజు లేదు కాబట్టి, మెట్టుకు అరగంట. ఒక్క నిమిషం తగ్గినా ఒప్పుకోను."

ముందు బ్యాకప్ ఆడపడుచు కంప్యూటర్‌లో ఒకటి, విడిగా పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచారు. తర్వాత ఒక మెట్టు పెంచి అరగంట నడిపించారు. బల్ల మీద పెట్టి చూశారు, పుస్తకాల మీద ఎత్తిపెట్టి చూశారు. ఇంకో మెట్టు. ఇంకోటి. నాలుగో మెట్టుకు ఎగురు పోయింది. ఐదో మెట్టు కూడా బల్ల మీద బాగానే ఉంది. "ఇక పరుపు మీద పెట్టు. ఛార్జరు పీకెయ్" అన్నారాయన.

"పరుపు మీద ఎవరు పని చేస్తారు మామయ్యా?"

"ఎవరో ఒకరు చేస్తారు."

పరుపు మీద పెట్టారు. పది నిమిషాలకు ఫ్యాను రొప్పింది. పన్నెండో నిమిషానికి ల్యాప్‌టాప్ టప్పున ఆరిపోయింది. కోడలు అరవబోయి ఆగింది. చల్లారాక మళ్లీ లేచింది, ఏమీ కాలేదు.

ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. చేసినవాళ్లకు నువ్వు ఎవరివో తెలియదు. బల్ల మీద పెడతావో, దుప్పట్లో చుడతావో, దుమ్ము దులుపుతావో లేదో తెలియదు. అందుకని లోకంలో అందరికంటే అజాగ్రత్త మనిషిని తలుచుకుని, వాడి చేతిలో కూడా కాలిపోకుండా గీత గీశారు. కట్టేసిందీ కాదు, కాపలా కాసిందీ కాదు. ఎరగని మనిషి కోసం వేసిన అంచనా అది.

"పాపం, గీత గీసినవాడేం చేస్తాడు, మనల్ని చూడలేదుగా" అన్నారు మామగారు. నాలుగో మెట్టు దగ్గరే ఉంచేశారు, బల్ల మీదే, ఛార్జరుతోనే అన్న షరతు మీద.

ఆదివారం పది గంటలకు టీచరు వచ్చింది. కుర్చీ బల్ల కిందికి తోసుకుని, వేళ్లు మీటల మీద పెట్టింది. హాలు దాటింది. వంటింట్లోకి మలుపు తిరిగింది. బొమ్మ నీళ్లలో పడవలా సాగింది. పొయ్యి దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరగబోయింది. చక్రం గోడకు తగిలింది. ఇంకోసారి తిప్పింది. తగిలింది. ఎడమనుంచి తిప్పింది. అటూ తగిలింది.

"ఈ గోడకు నేనంటే గిట్టట్లేదు అమ్మాయ్!"

కోడలు కొలత చూసింది. తను గీసిన గోడే, తను వేసిన కొలతే. బొమ్మ కుంటుతూ ఉండుంటే ఆ తగలడం కుంటులో కలిసిపోయేది, ఎవరూ చూసేవారు కాదు. గోడను జానెడు వెనక్కి జరిపింది.

టీచరు మళ్లీ తిప్పింది. కుర్చీ తిరిగింది. పొయ్యినుంచి పంపు దగ్గరికి, పంపునుంచి అలమారకు, మళ్లీ పొయ్యికి. ఎవరూ ఆగమనలేదు, ఆమె ఆగలేదు. సన్నగా ఏదో రాగం తీస్తూ నాలుగో చుట్టు, ఐదో చుట్టు తిరిగింది. రెండేళ్ల తర్వాత తన వంటింట్లో తనే తిరిగింది. సోమవారం మేస్త్రీ జానెడు అవతల గీత గీసుకుని గోడ మీద సుత్తి వేశాడు.

ఇదీ సంగతి. మర్చిపోకుండా మనసులో దాచుకోండి, దాచుకుని ఊరుకోకుండా మరొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు టీచరు కుర్చీ తిరిగే చోట మాత్రం తొందరపడకండి. ఆమెను తిరిగినన్ని చుట్లు తిరగనివ్వండి.