పెద్దసారు నోరు తెరిచేదాకా

జవాను పోతే ఆ కబురు ఇంటికి మోసుకెళ్లే పని ఎవరో ఒకరు చేయాలి కదా. కల్నల్ జనార్ధనరావు మొహం అందుకు పనికొస్తుందని ఎవరికి తోచిందో గానీ, కొలువులో ఉన్నన్నాళ్లూ ఆ పని ఆయన మెడకే చుట్టుకుంది. ఎన్నో గుమ్మాల ముందు నిలబడ్డాడు. ప్రతి ఇంట్లోనూ ఏడుపే మిగిల్చి వచ్చాడు. రిటైరై హబ్సిగూడలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ గుమ్మాలు ఆయన్ని వదల్లేదు. కన్ను మూసేలోగా ఒక్క జవాను ఇంటికైనా మంచి మాట పట్టుకుని వెళ్లాలని ఆయన కోరిక. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఉప్పల్ చుట్టుపక్కల ఉన్న మాజీ సైనికాధికారులకు ఒక సంఘం ఉంది. రక్తదానాలు, కంటి పరీక్షలు, బడిపిల్లలకు పుస్తకాలు. పనిలేని ముసలోళ్ల కాలక్షేపమని కాలనీవాళ్లు ఎగతాళి చేసినా వాళ్ల పని వాళ్లు చేసుకుపోయేవాళ్లు. కార్గిల్ యుద్ధానికి పదేళ్లు నిండిన జూలైలో జనార్ధనరావు కొత్త మాట ఎత్తాడు.

"పోయినోళ్ల ఇండ్లకు ఏటా పోతనే ఉన్నం. ఈసారి సరిహద్దుల కొలువు జేస్తున్నోళ్ల తల్లులకు శాలువా కప్పుదం. ముందుగాల చెప్తే చాయ్‌కి, బిస్కెట్లకి ఆగమైతరు, చెప్పకుంటనే పోదం. మొదటి మాట మాత్రం నేనే చెప్త. నేనొచ్చేదాక ఎవ్వరు నోరు తెరవొద్దు."

సంఘంలో ఆయనే అందరికంటే పెద్ద హోదావాడు. హోదా పింఛనుతో పోయేది కాదు. అందరూ సరేనన్నారు.

మొదటి ఇల్లు నాచారంలో సారలమ్మది. జనగామ వైపు నుంచి బతుకుదెరువుకొచ్చి, ఫ్యాక్టరీలో పనిచేసి కొడుకు ప్రశాంత్‌ను సాకింది. అతను జమ్మూ దిక్కున ఉన్నాడు. కోడలు సంతోషి అత్త దగ్గరే ఉంటోంది. వాళ్ల గల్లీలోకి కారు పోలేదు. రాత్రి కురిసిన వానకు అంతా బురద. మోకాలి నొప్పితో జనార్ధనరావు గోడ పట్టుకుని నడుస్తూ వెనకబడ్డాడు. కెప్టెన్ కరుణాకర్ మరో ముగ్గురితో ముందు పోయాడు. అందరికీ కోట్లు, ఛాతీ మీద పతకాలు, నెత్తిన టోపీలు. కరుణాకర్ రెండు చేతుల మీద మడతపెట్టిన శాలువా.

తలుపు తీసిన సారలమ్మ వాళ్లను చూసి కొయ్యబారిపోయింది.

"ఏంది సారూ?"

ఎవరూ పలకలేదు. కరుణాకర్ వెనక్కి చూశాడు. పెద్దసారు ఇంకా మలుపు కూడా తిరగలేదు.

"నా కొడుక్కేమైంది సారూ?"

కరుణాకర్‌కు ఏం చేయాలో తోచలేదు. పైవాళ్ల మాట దాటని ముప్పై ఏళ్ల అలవాటు అతని నోరు కట్టేసింది. తల్లి ముందు మర్యాదగా ఉంటుందనుకున్నాడో ఏమో, పాపం, టోపీ తీశాడు.

సారలమ్మ పెట్టిన కేక గల్లీ మొగదాకా వినపడింది. ఆ ఏడుపు జనార్ధనరావుకు బాగా తెలిసిన ఏడుపే. కుంటుతూ పరుగెత్తాడు. ఆయన వచ్చేసరికే సంతోషి రెండు చేతులూ గడపకేసి కొట్టుకుంది. నుదుట బొట్టు చెరిగిపోయి ఉంది. వాకిలంతా ఆకుపచ్చ గాజుముక్కలు.

"అమ్మా, ప్రశాంత్ మంచిగున్నడు. ఏం కాలే. నీకు సన్మానం చేద్దమని వచ్చినం."

"అందరు గిట్లనే జెప్తరు సారూ" అంది సారలమ్మ. "మొదలు ఏం గాలేదంటరు. దవాఖానల ఉన్నడంటరు. ఎన్కంగ పెట్టె దెస్తరు."

ఎంత చెప్పినా వినలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ చేరి ఏడుపు అందుకున్నారు. జనార్ధనరావు అరుగు మీద కూలబడి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు కొట్టాడు. ఒకరు ఇంకొకరిని పట్టుకోమన్నారు. పొద్దుగూకే వేళకు గానీ ప్రశాంత్ గొంతు వినపడలేదు.

"అమ్మా, ఏమైందే?"

సారలమ్మ ఫోన్‌ను చెంపకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత సంతోషి అందుకుంది. ఎందుకేడుస్తున్నారని అతను అడిగాడు కాబోలు, "ఏం లేదు, ఊకనే" అంది, బోసి చేయి కొంగులో దాచుకుంటూ.

జనార్ధనరావు లేచి చేతులు జోడించాడు. "తప్పయింది తల్లీ."

సారలమ్మ కోపానికి రాలేదు. వస్తే ఆయనకు కాస్త తేలికయ్యేది.

"మీరు మంచికే వచ్చిన్రు సారూ. గని మొగడు బతికుండంగనే నా కోడలు గాజులు పలగ్గొట్టుకున్నది. దసరాకు గని లీవు లేదు వానికి. వాడొచ్చి ఈ గడప దొక్కేదాక నా కంటికి కునుకుంటదా?"

కొడుకులు పోయిన ఇళ్లలో కూడా ఆయనకు ఏదో ఒక మాట దొరికేది. దేశం అనేవాడు, ధైర్యం అనేవాడు. బతికున్నవాడి ఇంట్లో ఒక్క మాటా దొరకలేదు. కరుణాకర్ శాలువాను చంకలో పెట్టుకుని తలదించుకున్నాడు.

జనార్ధనరావు మెల్లగా మెట్లు దిగుతుంటే సంతోషి చీపురుతో ఎదురొచ్చింది.

"సూసుకోని పోన్రి సారూ" అంది. "గాజుముక్కలున్నయ్, కాళ్లల్ల గుచ్చుకుంటయ్."