జపంతో పేనిన తాడు

పొద్దున్నే కుక్కర్ పొయ్యి మీద పెట్టి, కోడలు కిటికీ పక్కన కూర్చుని జపం మొదలుపెట్టేది. ఓం నమో నారాయణాయ. అన్న ప్రతిసారీ ఆమె పెదవుల మధ్య నుంచి సన్నటి దారం బయటికి వచ్చేది. ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చున్న అత్తగారు దాన్ని అందుకుని తాడుగా పేనేది. కుక్కర్ కూత వేస్తే కోడలి మనసు వంటింట్లోకి పరిగెత్తేది. దారం సరిగ్గా అక్కడ పలచబడేది. అత్తగారు ఆ ముక్క తుంచి పక్కన పడేసి, మళ్ళీ అనమనేది.

కోడలి భర్త పెద్ద పెద్ద భవనాల అద్దాలు బయటినుంచి తుడుస్తాడు. తోటివాళ్ళు కంపెనీ తాళ్ళకు వేలాడితే, అతను ఇంటి తాడుకు వేలాడతాడు. సూపర్‌వైజర్ రెండు రకాలనూ ఒకేలా లాగి చూసి సరేననేవాడు. ఒకప్పుడు ఇదే పని చేసిన మావగారికోసం అత్తగారే జపం చేసేది. పళ్ళు ఊడాక దారం చిగుళ్ళ మీద జారి ముక్కలైపోతోందని, తన నోరు రిటైరైందని నవ్వుతూ పని కోడలికి అప్పగించింది.

ఈసారి ఒప్పుకున్న భవనం ఊళ్ళోకెల్లా పొడుగు. కోడలు లెక్కల్లో చురుకు. వేళ్ళు మడిచి చూసుకుంటే, పని మొదలయ్యేనాటికి తాడు సగం ఎత్తుకే సరిపోతుందని తేలింది. భర్త ఇంకో తాడును నమ్మడు. ఏంచెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుని, ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా ఫోనులో అదే మంత్రం పెట్టింది. ఫోను చిల్లుల్లోంచి దారం జలజలా వచ్చింది, నున్నగా, మెరుస్తూ. ఎక్కడా పలచబడదు, ఆయాసపడదు. ఇన్నాళ్ళూ ఈ ఆలోచన ఎందుకు రాలేదని కోడలు తనను తానే తిట్టుకుంది. తానే పేనింది, పాత తాడు చివర తానే అతికింది.

మర్నాడు భర్త తాడు భుజాన వేసుకుని వెళ్ళాక, ఇల్లు ఊడుస్తున్న అత్తగారికి ఒక మెరిసే ముక్క దొరికింది. వేళ్ళ మధ్య రాసి చూసింది.

"ఇది ఎవరి నోట వచ్చిందే?"

కోడలు చెప్పింది.

"ఇందులో ఎవరూ లేరమ్మా," అంటూ అత్తగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

దొరికిన బండెక్కి ఇద్దరూ అక్కడికి చేరేసరికి అతను అద్దాల మీద ఈగంత కనిపిస్తున్నాడు. మిద్దె మీది మేస్త్రీ కొంచెం కొంచెంగా తాడు వదులుతున్నాడు. కోడలు నోటితో జపించిన తాడు అప్పటికే మొత్తం కిందికి వేలాడుతోంది. పిట్టగోడ అంచు దాటి మెరుపు ముక్క తొంగిచూస్తోంది. కోడలు గొంతు చించుకుని అరిచింది. గాలి ఆ అరుపును వీధి చివరికి ఈడ్చుకుపోయింది. వాచ్‌మన్ పైకి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

ఇక చేసేదేముంది, ఆమె అక్కడే నిలబడి జపం అందుకుంది. అత్తగారు చెయ్యి చాపింది. దారం వచ్చింది గానీ మూరెడైనా కాకముందే తెగింది. మళ్ళీ తెగింది. నోరు మంత్రమే అంటోంది, లోపల మాత్రం ఆయన పడిపోతాడు, ఆయన పడిపోతాడు అని ఒకటే గోల.

"దాన్నిండా నీ భయమే ఉంది," అంది అత్తగారు. "నువ్వు పిలిచే స్వామి వస్తే కూర్చోడానికి చోటేదే? నా కొడుకుని వదిలెయ్. వదిలేసి పిలువు."

భర్తను మనసులోంచి వదలడమంటే అంత ఎత్తునుంచి తన చేత్తో తోసేసినట్టే అనిపించిందామెకు. కళ్ళు మూసుకుని, వదిలేసింది.

పెదవులు ఆగిపోయాయి. దారం రావడం మానేసింది. మంత్రం లోపలికి దిగిపోయింది. అత్తగారి చెయ్యి ఖాళీగా అలాగే ఉండిపోయింది.

పైన తాడు తెగింది. తెగిన చుట్ట వచ్చి కాలిబాట మీద దబ్బున పడింది. అతను పడలేదు. ఆ అద్దం తుడిచి, బకెట్టుతో సహా కింది అద్దం దగ్గరికి దిగాడు.

వాచ్‌మన్ తాడు ముక్క ఎత్తి, దీన్ని అతికిందెవరని అడిగాడు. ఆమె నోరు తెరవలేదు. ఒక్క మాట మాట్లాడితే లోపలిది తెగుతుందని భయపడింది.

"మిమ్మల్నేనమ్మా. ఎవరు అతికారిది?"

"నేనే."

అనేసింది. తెగిపోయింది, అయిపోయిందనుకుని తల ఎత్తింది. పైన భర్త గుడ్డ పిండుకుంటున్నాడు. తను మాట్లాడిన ఆ క్షణంలోనూ లోపల మంత్రం నడుస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. నోరు తనదైతే, మాట తనదైతే, అక్కడ జపిస్తున్నది ఎవరు?

అతను అద్దాలన్నీ ముగించుకుని కిందికి వచ్చాడు. నేలకు మూరెడు ఎత్తులో ఆగిపోయాడు. పాదాలు గాల్లో ఆడించి చూశాడు, నేల అందలేదు.

"ఇక చాల్లేవోయ్, దించు," అన్నాడు భార్యతో నవ్వుతూ.

ఆమె లోపలి జపాన్ని ఆపబోయింది. అది ఆగలేదు. పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించింది. అత్తగారు వంగి, కొడుకు పాదాల కింద తన రెండు అరచేతులూ పెట్టింది.

"పట్టుకున్నది నేను కాదండీ," అంది కోడలు.