హాస్కిన్స్ వారి పాప

పొయ్యి మీద బంగాళాదుంపలున్నాయని చెబుతున్నా వినకుండా "కింద పడు, నెల్డా" అన్నాడు మొగుడు మెర్ల్. నెల్డా చేతులు తుడుచుకుని ముందుగది తివాచీ మీద పడింది. "అబ్బే! నిద్రొచ్చినట్టు వాలిపోతావేం? ఆడది చస్తే జనానికి కడుపు తరుక్కుపోవాలి. మళ్ళీ పడు."

మళ్ళీ పడింది. మెర్ల్ ఇరవై ఏళ్ళు కౌబాయ్ సినిమాల్లో గుర్రాల దొంగ, తాగుబోతు, ఉరితీయబడేవాడు. బర్బాంక్ బజారులో అతని మొహం అందరూ గుర్తుపట్టేవాళ్ళు, పేరు ఒక్కరికీ తెలియదు. చచ్చి చచ్చి విసుగెత్తి టెలివిజన్‌కి కౌబాయ్ కథలు రాయడం మొదలుపెడితే, అదృష్టం కలిసొచ్చింది. నటించి చూసుకోనిదే ఒక్క ముక్క రాయలేడు. హీరో ఎప్పుడూ అతనే. షెరీఫ్ పెళ్ళాం, విధవరాలు, శవం, అన్నీ నెల్డా. మొదటి వ్యాపార ప్రకటన వచ్చేలోగా ఒక ఆడది చావకపోతే హీరో గుర్రం ఎక్కడానికి కారణం ఉండదట. ఆ చావేదో చచ్చి, లంగా దులుపుకుని వెళ్ళి ఆవిడ దుంపల్లో ఉప్పు వేయాలి. ఓసారి నడుము నొప్పంటే, ఓక్లహోమా నుంచి అత్తగారు ఫోన్లో "ఇంటిపట్టున తివాచీ మీద పడ్డానికి కూడా నొప్పేనా తల్లీ?" అంది.

ఈసారి కథలో చచ్చేది పసిపిల్ల.

"నా ఆడవాళ్ళు కొయ్యబొమ్మల్లా మాట్లాడుతున్నారంటున్నాడు ప్రొడ్యూసరు. పాప పోయిన రోజు ఆస్పత్రిలో నువ్వేమన్నావు, నెల్డా? నిజంగా అన్న మాట కావాలి నాకు."

ఆ రోజు అతను అరిజోనా షూటింగులో ఉన్నాడు. "రేపే నన్ను ఉరి తీసేది, మధ్యలో వదిలేసి ఎలా వస్తాను?" అన్నాడు ఫోన్లో. పాపని పూడ్చిపెట్టాక వచ్చాడు, మెడ మీద ఉరితాడు మచ్చకి పూసిన రంగు కూడా కడుక్కోకుండా. వేడినీళ్ళున్నాయా అని అడిగాడు. పేరేమైనా పెట్టావా అని మాత్రం ఆనాడూ అడగలేదు, ఆ తరువాతా అడగలేదు. పెట్టింది. చల్లబడిపోతున్న ఆ చెవిలో ఒక్కసారి పిలిచింది. సమాధి రాయి మీద మాత్రం 'హాస్కిన్స్ వారి పాప' అని ఉంది.

అతను వదల్లేదు. స్నానాలగది తలుపు దగ్గర అడిగాడు, పక్క మీద అడిగాడు. "నీ దుఃఖం ఊరికే వృథాగా పడుంది కదా, నాలుగు మాటలు ఇస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. వృథాగా! మిగిలిన కూరని మర్నాటికి వాడుకుందామన్నంత తేలిగ్గా అన్నాడు. ఇక అసహ్యం భరించలేక, వంటింటి అలమరలోని పిండి డబ్బా వైపు చూస్తూ, "మేబెల్, అమ్మ వచ్చిందమ్మా... అన్నాను" అని గొంతు వణికించింది. మెర్ల్ కళ్ళు తుడుచుకుంటూ టైపుమిషను దగ్గరికి పరిగెత్తాడు. ఇరవై ఏళ్ళు నటించినవాడికి ఎదురుగా నటిస్తుంటే తెలియలేదు.

కథ ప్రసారమైన సాయంత్రం ఇల్లంతా జనం. తెర మీద ఒక అందగత్తె "మేబెల్, అమ్మ వచ్చిందమ్మా" అని ఏడిస్తే ప్రొడ్యూసరు భార్య ముక్కు చీదింది. మెర్ల్ నెల్డా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "ఇవి మా ఆవిడ నిజంగా అన్న మాటలే!" అని, గ్లాసు పైకెత్తాడు. "రేపే రాయి మీద మేబెల్ అని చెక్కిస్తున్నా. పత్రికవాళ్ళు కూడా వస్తున్నారు, మేమిద్దరం పూలు పెడుతుంటే ఫొటో తీస్తారట."

ఆ చెయ్యి బరువుకి నెల్డాకి ఒళ్ళంతా కంపరమెత్తింది. అతని మీదే కాదు, ఆ అబద్ధం ఇచ్చిన తన మీద కూడా రోత వేసింది. చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"అది పిండి డబ్బా మీద పేరు, మెర్ల్."

మెర్ల్ మొహం పాలిపోయింది. దొంగ మొహం కాదు, తాగుబోతు మొహం కాదు, ఏ వేషమూ లేని మొహం అది. దగ్గరికొచ్చి, ఇంకెవరికీ వినపడకుండా, "మరి... మన పాప పేరేంటి, నెల్డా?" అన్నాడు.

ఇన్నేళ్ళకి అడిగాడు. నెల్డా గుండె కరిగిపోయింది. పేరు పెదాల దాకా వచ్చేసింది. అప్పుడు కనిపించింది, అతని కుడిచెయ్యి చొక్కా జేబులో పెన్సిలు కోసం తడుముకుంటోంది.

నెల్డా నోరు మూసుకుని, గోడకున్న కారు తాళాలు తీసుకుంది.