కుండలో కారం

భ్రమరాంబ కన్ను భగ్గుమంది. మామూలు మంటా అది? ఎండుమిరప నలిపిన చేత్తో కన్ను నులుముకుంటే వచ్చే మంట! తీరా చూస్తే ఆమె ఒళ్లో ఉన్నది రెండువేల ఏళ్లనాటి కుండ. మట్టిలో ఇంకిన జిడ్డును బట్టి ఆనాటివాళ్లు ఏం తిన్నారో చెప్పడం ఆమె పరిశోధన. ఇందులో చేపనూనె ఉందని తేల్చింది, థీసిస్ రాసింది, విశాఖ పత్రికల్లో ఫొటో కూడా పడింది. మర్నాడే వైవా. అక్కడ చూపించాలని కుండ అడుగు తుడుస్తూ అదే చేత్తో కన్ను తుడుచుకుంటే, ఇదిగో, ఈ మంట.

మిరపకాయ మన దేశానికొచ్చి గట్టిగా ఐదొందల ఏళ్లు కాలేదాయె!

తవ్వకాల్లో కూలికొచ్చి ఇప్పుడు డిపార్టుమెంటు ఊడుస్తున్న జోగమ్మను పిలిచి నిలదీసింది. జోగమ్మ పొలం ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయింది. ఇక ఆ చీపురే ఆధారం.

"తవ్వకాలప్పుడు మా దాక పగిలిపోనాదమ్మగోరూ. ఇదేదో బాగుందని సేపల పులుసెట్టేసినాం. బాగా తోమేసినాను కూడాను! ఏటి, తప్పా? బాబుగోరికి సెప్పకండమ్మా, నోటికాడ కూడు పోద్ది."

పోనీ ఇంకో కుండ చూద్దామంటే మిగతా పెంకుల్లో ఏమీ తేలలేదు. కుండ దొరికిన దిబ్బనేమో బుల్డోజర్లు ఎప్పుడో చదును చేసేశాయి.

ఆ బాబుగారి దగ్గరికే, తన గైడు గురునాథరావు దగ్గరికే, పరిగెత్తింది. పులుసు ఎవరు పెట్టారో దాచి, కారం సంగతి చెప్పేసింది. ఆయన లేచి తలుపు మూశాడు.

"పత్రికలవాళ్లని పిలిచింది నేను. ఇప్పుడు నా తల ఎక్కడ పెట్టుకోమంటావ్? నోరు మూసుకుని డిగ్రీ తీసుకో. కాదంటావా, నీ చాకిరీ అంతా గంగలో కలుస్తుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే జోగమ్మ కూడు పోతుంది, తన చదువూ పోతుంది. చెప్పకపోతే బతికినన్నాళ్లూ ఆ కారం కంట్లోనే ఉంటుంది.

వైవాకొచ్చిన పరీక్షకుడు అచ్యుతరామయ్యగారికి పాతపెంకు కనిపిస్తే చాలు, నాలుక ఆనించి చూసే అలవాటు. మట్టి ఎంత కాలిందో నాలుకే చెబుతుందంటాడు. ఆయన కుండ అడుగు గోటితో గీరి నాలుక మీద వేసుకున్నాడు.

"అబ్బబ్బా! నీళ్లు, నీళ్లు!" ముసలాయన కళ్లొత్తుకున్నాడు. "ఇందులో ఎవరో మొన్నమొన్ననే వండారయ్యా!"

జోగమ్మ నీళ్లు తెచ్చింది.

గురునాథరావు ఏమీ ఎరగనట్టు లేచాడు. "ఎవరీ వెధవపని చేసింది? ఆ కూలివాళ్లే అయ్యుంటారు! ఏమే జోగమ్మా?"

"నేనేనండీ," అంది భ్రమరాంబ. "చేపల పులుసు నేనే పెట్టాను."

చేప వాసనొస్తే వీధి మారిపోయే పురోహితుల ఇంటి పిల్ల ఆమె. గదిలో ఎవ్వరూ నమ్మలేదు. గురునాథరావు మాత్రం నమ్మినవాడిలా తలాడించి, ఆమె థీసిస్ మూసి పక్కన పెట్టేశాడు.