పిచ్చుక చెప్పనన్న సాక్ష్యం

అతిథులు వస్తున్నారంటే పాస్టరమ్మకు అందరికంటే ముందు వచ్చేది నడుంనొప్పి. తెల్లవారుతూనే చర్చి వెనక వంటగదిలో ఉల్లిపాయల బస్తా ముందు పీట వేసుకుని కూర్చుంది. రైలుపట్టాల పక్క బస్తీ పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్పి, కడుపునిండా పెట్టి పంపే ఆ సెంటరుని చూడడానికి ఇవాళ దాతలు వస్తున్నారు. ఆ పిల్లల ముక్కులు తుడిచేదీ, తలల్లో పేలు తీసేదీ, ఎక్కాలు ఒప్పజెప్పించుకునేదీ, పొయ్యి దగ్గర చెమటలు కక్కేదీ ఆమే. ఆ సంగతి ఆమె మొగుడికి, అందరూ అయ్యగారనే పాస్టరుకి, మైకు ముందుకు రాగానే గుర్తుండదు. "మేం చేసిందేమీ లేదు, అంతా దేవుని కృప" అంటాడు. దేవుని కృప మీద ఆమెకూ నమ్మకం ఉంది. కాకపోతే ఆ కృప వచ్చి ఏనాడూ ఒక్క ఉల్లిపాయ తరిగి పెట్టలేదు.

పోయినసారి అతిథుల్లో ఒకావిడ "మీరేం చేస్తుంటారు?" అని మర్యాదగా అడిగింది. జవాబు ఆమె నోట్లో ఉండగానే అయ్యగారు అందుకున్నాడు. "ఈవిడా? ఇంట్లోనే ఉంటుందండీ." పెళ్ళికి ముందు ఆమె బడిలో లెక్కల టీచరు. "పాస్టరు భార్యకి వేరే ఉద్యోగమేమిటమ్మా, పరిచర్యలో సగం నీదే కదా" అని అత్తగారే మాన్పించింది. సగం! సగమే అయితే ఈపాటికి కాస్త నడుం వాల్చి ఉండేది. వంటకి ఒక మనిషిని పెట్టమని అడిగిన రోజున అయ్యగారు గది తలుపు వేసి, గొంతు పెంచకుండా, వాక్యం చదివినంత నెమ్మదిగా తిట్టాడు. ఆయన తిట్లు గోడ దాటవు. అందుకే అంత శాంతమూర్తి లేడని బస్తీలో పేరు. ఆ తర్వాత చాలారోజులు ఆమెతో మాట్లాడలేదు, అన్నం మాత్రం వేళకి తిన్నాడు.

పిచ్చుక వచ్చి ఎదురుగా కూర్చుని కత్తి అందుకుంది. ఊహ తెలిసినప్పట్నుంచీ సెంటరుకి వస్తున్న పిల్ల, పదహారేళ్ళుంటాయి. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదని పాస్టరమ్మే ఆ పేరు పెట్టింది. ఉల్లిపాయ ముట్టకముందే పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మగారూ, ఇవాళ నేను సాక్ష్యం చెప్పను."

అతిథులు వచ్చినప్పుడల్లా పిచ్చుక మైకు ముందు నిలబడి, తండ్రి తాగొచ్చి తల్లిని ఎలా కొట్టేవాడో, తను మంచం కింద ఎలా దాక్కునేదో, సెంటరు తనని ఎలా కాపాడిందో చెబుతుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఏడవాలో అయ్యగారే నేర్పాడు.

"ఏమైందే?"

"నాన్న తాగుడు మానేసి రెండేళ్ళయింది కదమ్మగారూ. హాల్లో కుర్చీలు వేసేది ఆయనే, చివర వరసలో కూర్చునేదీ ఆయనే. నేను చెప్తున్నంతసేపూ తలెత్తడు. ఆయన మానేసినా నేను మైకులో మళ్ళీ మళ్ళీ తాగిస్తూనే ఉన్నాను. ఇంటికెళ్ళాక నాకు అన్నం వడ్డిస్తాడు. ఒక్క మాట అనడు. తిట్టినా బాగుండు."

పాస్టరమ్మ లేచి నేరుగా ఇంట్లోకి వెళ్ళింది. అయ్యగారు అద్దం ముందు, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు.

"పిచ్చుక ఇవాళ చెప్పదండీ."

"ఎవరు నేర్పారు దానికి ఈ మాట?" అద్దంలోంచే చూశాడు. "ఇంతమంది పిల్లల అన్నం దాని సాక్ష్యం మీద నడుస్తోంది. మనసు కరగందే ఎవరి చెయ్యీ జేబులోకి పోదు. నీకివన్నీ తెలీవు. వెళ్ళి కూర సంగతి చూడు."

"వాళ్ళ నాన్న అక్కడే ఉంటాడు కదండీ."

"ఉండనీ, మారాడుగా! చూసేవాళ్ళకీ బాగుంటుంది."

చూసేవాళ్ళకి బాగుంటుందట. కూర కలుపుతున్నంతసేపూ ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. పడినవాడు ఎలాగో లేచాడు. లేచినవాణ్ణి కాలరు పట్టుకుని మళ్ళీ పడేసి, ఎలా పడ్డాడో చూడండని నలుగురికీ చూపించడం ఏ దేవుడికి మహిమ? అదీ కన్నకూతురి నోటితో! పిల్లలకి అన్నం పెట్టాలంటే ఒక ఇంటి పరువు పొయ్యిలో పెట్టాలా? లేనివాళ్ళ ఇల్లంటే ఎవరైనా తొంగిచూడొచ్చు, చిన్న గదులు, పెద్ద గొంతులు గనక అన్నీ వీధికి వినబడతాయి. పాస్టరు గారి ఇంట్లో ఏం జరిగినా అది కుటుంబ విషయం. ఆమెకి అయ్యగారి మీద కోపం రావడం కొత్త కాదు. ఆ కోపాన్ని దిగమింగబుద్ధి కాకపోవడమే కొత్త.

హాలు నిండింది. దాతలు ముందు వరసలో కూర్చున్నారు. పిచ్చుక తండ్రి ఆఖరి కుర్చీ వేసి, తను వెనక గోడవారన కూర్చుని అప్పుడే తల దించేసుకున్నాడు. "ఇప్పుడు మన బిడ్డ తన సాక్ష్యం చెబుతుంది" అన్నాడు అయ్యగారు. పిచ్చుక లేవలేదు. ఇంకోసారి, ఇంకాస్త తియ్యగా పిలిచాడు. తర్వాత దాన్ని లేపమని పెళ్ళాం వైపు కళ్ళతో సైగ చేశాడు.

పాస్టరమ్మ లేచింది. తనని లాక్కెళ్ళడానికే అనుకుని పిచ్చుక బిగుసుకుపోయింది. "కూర్చో తల్లీ" అని దాని భుజం నొక్కి, మసిచేతులు కొంగుకి తుడుచుకుని, ఆమె ఒక్కతే వేదిక ఎక్కింది.

"రెండు ముక్కలు చెప్పి దాన్ని పిలువు" అని గొణిగి అయ్యగారు మైకు చేతికిచ్చాడు. ఆ మైకుకి దుమ్ము తుడవడమే తప్ప ఆమె ఎన్నడూ అందులో మాట్లాడింది లేదు.

"ఈ పిల్ల ఇక చెప్పదండీ" అంది. "వాళ్ళింట్లో ఆ కష్టం తీరిపోయింది. వాళ్ళ నాన్నే తీర్చాడు."

వెనక గోడ దగ్గర తల పైకి లేచింది. అయ్యగారు నవ్వు చెదరనీయకుండానే మైకు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఒక అడుగు పక్కకి జరిగింది.

"అయినా మీరు ఇంత దూరం వచ్చారు. ఒక ఇంటి సంగతి వినాలనే వచ్చారు. కూర్చోండి, మా ఇంటి సంగతి చెబుతాను."