ఖాళీ కడుపుతో రావాల

ఓబయ్య జంకానా మూలలు లాగి, మధ్యలో లేచిన ముడతను అరికాలితో తొక్కి సరిచేస్తున్నాడు. ప్రొద్దుటూరు సత్రం హాల్లో రోజూ పొద్దున యోగాసనాల క్లాసు. నేర్పేది రిటైరైన డ్రిల్లు మాస్టరు త్రివిక్రమరావు. హాలు ఊడ్చేదీ, జంకానా పరిచేదీ, శీర్షాసనం వేసేవాళ్ల కాళ్లు పట్టుకునేదీ ఓబయ్య. కొత్తవాళ్లకు గుమ్మం దగ్గరే నాలుగు మాటలు చెప్పడం కూడా అతని పనే.

ఆ రోజు మొదట గుడ్డల కొట్టు అలీ అహ్మద్ వచ్చాడు. బక్కమనిషి, బెదురుగా నిలబడ్డాడు.

"రాప్పా, భయపడాకు. ఖాళీ కడుపుతో రావాల. నడుముకు ఏమీ బిగించద్దు. ఊపిరి బిగబట్టద్దు. పక్కాయన ఎంత వంగినాడో చూసి నువ్వు వంగద్దు, ఆయప్ప ఒళ్లు వేరే, నీ ఒళ్లు వేరే. రోగముంటే సార్‌తో చెప్పాల, దాచద్దు."

అలీ అహ్మద్ తలూపి లోపలికి పోయాడు. అతని వెనకే ఇంకో గొంతు.

"ఏంరా, ఆసనాలు నేర్పేది ఈడేనా?"

ఓబయ్య తలెత్తలేదు. ఆ గొంతు ఎవరిదో చూడకుండానే తెలిసింది. మల్లికార్జునయ్య. పెన్న అవతల ఓబయ్య సొంతూరికి కరణం. ఇప్పుడు పొట్ట జారింది, కణత మీద నరం ఉబ్బింది. ఓబయ్యను అతను గుర్తుపట్టలేదు. గొంగడీ తలపాగా పోయి ఖాకీ చొక్కా వచ్చాక, ఆ గొర్రెల కాపరిని గుర్తుపట్టేవాళ్లే లేరు.

ఓబయ్య ఊళ్లో గొర్రెలు కాసేటప్పుడు, ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం అది. ఎరువు కోసం తన చేలో మంద కట్టమని కరణం అడిగాడు. వేరే రైతుకు మాటిచ్చానన్నాడు ఓబయ్య. ఆ కోపానికి కరణం, చేను మేశాయని సాక్ష్యం చెప్పించి, గొర్రెలన్నిటినీ బందెలదొడ్డిలోకి తోలించి తాళం వేయించాడు. తాళంచెవి మొలకు చెక్కుకుని పులివెందులకు పెళ్లికి పోయాడు. దొడ్డికి చుట్టూ రాతిగోడ. నీడ లేదు, నీళ్లు లేవు. కరణానికి జడిసి గోడ మీద చెయ్యి వెయ్యడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. ఓబయ్య కరణాన్ని వెతుక్కుంటూ పులివెందులకు పోయిన పొద్దు, అతని పెండ్లాం పోలమ్మ నీళ్లకడవతో గోడెక్కి పడింది. జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకపోతుంటే పెన్న ఇసుకలో బండిచక్రాలు దిగబడ్డాయి. బండి కదిలేలోపే ఆమె పోయింది. దొడ్డి తలుపు తెరిచేసరికి గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడివున్నాయి.

మల్లికార్జునయ్య నేతివాసనతో తేన్చాడు. "దోసెలు తిని వచ్చినా. ఏం కాదు గదా?"

"ఏం కాదు సామీ."

"డాక్టరు రక్తపోటన్నాడు. మీ సారుకు చెప్పాల్నా?"

ఓబయ్య చీపురు గోడకు ఆనించాడు. "అవసరం ల్యా సామీ. పోండి లోపలికి."

క్లాసులో త్రివిక్రమరావు కొత్తవాళ్లిద్దరినీ వెనక వరుసలో కూర్చోబెట్టి, ఊరికే ఊపిరి గమనిస్తూ ఉండమన్నాడు. పాతవాళ్లు గోడ వెంట తలకిందులుగా నిలబడ్డారు. మల్లికార్జునయ్యకు అది చూస్తూ కూర్చోవడం నామోషీ అయింది. మాస్టరు అటు తిరగ్గానే ఓబయ్యను సైగచేసి పిలిచాడు.

"నన్నూ నిలబెట్టురా."

ఓబయ్య నిలబెట్టాడు. రెండు చీలమండలూ పిడికిళ్లలో బిగించాడు. మల్లికార్జునయ్య ముఖం ఎర్రబడి, నల్లబడసాగింది. పళ్ల సెట్టు ఊడి జంకానా మీద పడింది.

"చాలు... దించు."

ఓబయ్య దించలేదు. వంగి, అతని చెవిలో పడేటట్టు మెల్లగా అన్నాడు. "నా పేరు ఓబయ్య సామీ. పోలమ్మ మొగుణ్ణి. బందెలదొడ్డి యాదికొస్తాండాదా?"

ఆ తలకిందుల కళ్లు అతన్ని వెతికాయి, కనుక్కున్నాయి. ఆ చూపు కోసమే ఓబయ్య ఇన్నేళ్లు బతికాడు. ఇంకాసేపు పట్టుకున్నాడు.

మాస్టరు కేక వేసి పరుగెత్తుకొచ్చేసరికి మల్లికార్జునయ్య వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయాడు. నోరు వంకరపోయింది. నలుగురూ మోసుకెళ్లి అబ్దుల్ సత్తార్ జట్కాలో పడుకోబెట్టారు.

"తిని వచ్చినట్టు నీకు చెప్పలేదా?" అన్నాడు త్రివిక్రమరావు.

"చెప్పినాడు సార్. రోగం సంగతి గూడ చెప్పినాడు."

మాస్టరు అతని ముఖంలోకి చూశాడు. "నువ్వు రేపట్నుంచి రావద్దు," అని వెళ్లిపోయాడు.

ఓబయ్య జంకానా కడిగి పిట్టగోడ మీద ఆరేశాడు. మధ్యాహ్నం సత్తార్ మళ్లీ వచ్చాడు, ఈసారి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆ ముసలాయన పోయినాడు మామా. పాడె కడతాండారు. నోరు లోపలికి పోయి ముఖం చూసేకి కావడంల్యా అంట. పళ్ల సెట్టు ఈడ పడిందంట గదా, వాళ్ల కోడలు తెమ్మనింది. శానా ఏడుస్తాంది పాపం."

ఓబయ్య చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "నాకు కనపల్యా."

సత్తార్ జట్కా ఎక్కి వెళ్లిపోయాడు. గుర్రం గిట్టల చప్పుడు దూరమయ్యేదాకా ఓబయ్య కదల్లేదు. ఇన్నేళ్లూ ఈ రోజున కడుపు నిండుతుందనుకున్నాడు. పోలమ్మ ముఖం తలుచుకుందామంటే ఆ నల్లబడిన ముఖమే ముందుకొచ్చింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా జమ్మలమడుగు రోడ్డు పట్టుకుని నడిచాడు.

హాల్లో కిటికీ గూట్లో, చినిగిన గుడ్డపేలిక మీద, శుభ్రంగా కడిగిన పళ్ల సెట్టు వీధివైపు తిరిగి ఉంది.