గట్టు దగ్గర ఎగిరిన బంతి

స్కోరర్ గదిలో వెర్నన్ స్టకీకి కుర్చీలో కుదురు లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ అద్దం తుడుస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ డబ్బీ గుచ్చుకుంటోంది. అందులో ఉన్నది అన్నయ్య మెర్ల్ బొమ్మ అచ్చేసిన బేస్‌బాల్ కార్డు.

వరసగా ముప్పై ఎనిమిది ఆటల్లో హిట్ కొట్టినవాడు ఈ లీగ్ మొత్తంలో మొన్నటిదాకా మెర్ల్ ఒక్కడే. అరవై ఏళ్లు ఆ రికార్డును ఎవరూ అందుకోలేదు. కార్డుల కొట్టు ఆల్మా ఆ కార్డుకి ఒక కొనేవాణ్ణి కుదిర్చింది. ఆ డబ్బుతో మెర్ల్‌కి ఎన్నాళ్ల నుంచో మనసుపడ్డ చేపల పడవ వస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, డారియో అనే కొత్త కుర్రాడు మొన్న ఆ ముప్పై ఎనిమిదినీ అందుకుని కూర్చున్నాడు. ఇవాళ ఇంకొక్కటి కొడితే కొనేవాడు రాడని ఆల్మా పొద్దున్నే చెప్పేసింది.

"రికార్డు పోతే ఇది ఉత్త అట్టముక్కే వెర్నన్. మొహమాటానికి కూడా ఎవడూ అడగడు."

డారియో ఆఖరిసారి బ్యాటింగుకి వచ్చాడు. ఈ ఆటలో అప్పటిదాకా ఒక్క హిట్టూ లేదు. ఈసారి బంతి నేలబారుగా వెళ్లి, షార్ట్‌స్టాప్ స్థానంలో ఉన్న ఫీల్డర్ చేతికి తగిలి పక్కకి పోయింది. డారియో పరిగెత్తి బేస్ చేరుకున్నాడు. బ్యాటర్ సొంతంగా సాధించిన హిట్టా, ఫీల్డర్ తప్పా? తేల్చాల్సినవాడు వెర్నన్. తప్పంటే అది డారియో లెక్కలోకి రాదు.

వెర్నన్ 'తప్పు' మీట నొక్కేశాడు. జనం గోల పెట్టారు. వాళ్ల గోల వాళ్లది, రూలు రూలే అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, వేలు మీట మీంచి తీయబుద్ధి కాలేదు.

ఫోన్ మోగింది. మెర్ల్. ఇంట్లో రేడియోలో వింటున్నాడు.

"ఒరే, ఆ బంతి ఎక్కడ ఎగిరింది?"

"ఎక్కడైతే ఏంటి అన్నయ్యా, చేతికి తగిలి జారింది కదా."

"అది కాదురా. గడ్డి అయిపోయి మట్టి మొదలయ్యే గట్టు ఉంటుంది చూడు, అక్కడేనా?"

అక్కడే. వెర్నన్ కళ్లారా చూశాడు. బంతి గట్టుకి తగిలి ఫీల్డర్ ఛాతీ దాకా లేచింది. అలా లేచిన బంతిని ఎవడు మాత్రం పట్టగలడు? చూసి కూడా చూడనట్టు మీట నొక్కాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"అక్కడే," అన్నాడు.

అవతల మెర్ల్ రేడియో గొంతు తగ్గించాడు.

"నేను పనిగట్టుకుని ఆ గట్టుకేసి కొట్టేవాణ్ణిరా. నా హిట్లలో సగం అక్కడ లేచినవే. అది తప్పయితే నావీ తప్పులే."

"మరి పడవో?"

"ముందు హిట్ మీట నొక్కు."

వెర్నన్ నొక్కాడు. బోర్డు మీద అక్షరం మారింది. మైదానం లేచి నిలబడింది. డారియో టోపీ తీసి, ఎటు చూడాలో తెలియక నేలకేసి చూస్తున్నాడు. వెర్నన్‌కి కళ్లు మసకబారాయి. జేబులో కార్డు అలాగే గుచ్చుకుంటోంది.

ఇంత హోరులోనూ ఫోన్ చెవికి ఆనించే ఉంచాడు. అవతల ఒక్కడే మనిషి, చప్పట్లు కొడుతున్నాడు.